అన్ని అకౌంట్లకీ ఒకే గడియ

ఏలూరులో నేను పనిచేసే ఆఫీసు రొయ్యల వ్యాపారంలో ఉన్న ఒక సంస్థది. సంస్థ అంటే ఒకటి కాదు, చిన్నవీ పెద్దవీ కలిసి అరడజను కంపెనీలు. కలిదిండి వైపు చెరువుల నీళ్ళనీ రొయ్యలనీ పరీక్షించే ల్యాబు ఉంది. తాడేపల్లిగూడెంలో మేత ఫ్యాక్టరీ ఉంది. ఒక కోల్డ్ స్టోరేజీ, రొయ్యపిల్లల్ని తయారుచేసే ఒక హేచరీ ఉన్నాయి. అన్నీ ఒకేసారి పుట్టినవి కావు. కొన్ని మా డైరెక్టరు గారి కుటుంబం మొదలుపెట్టినవి, కొన్ని మధ్యలో కొన్నవి. ఎవరి కంప్యూటర్లు వాళ్ళవి, ఎవరి అలవాట్లు వాళ్ళవి. ఈ కంపెనీలన్నీ క్లౌడ్‌లో పెట్టుకున్న సమాచారాన్ని ఒక చోట నుంచి చూసుకోవడం నా పని.

క్లౌడ్ అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో మనం అద్దెకు తీసుకున్న జాగా. అందులో ఫైళ్ళు దాచుకునే అరని మా పనిలో బకెట్ అంటారు. ఈ మాటతో ఇంట్లో ఒకసారి తమాషా జరిగింది. నేను ఫోన్లో ఎవరితోనో, "ఆ బకెట్ తెరిచి వదిలేసింది ఎవరండీ, ముందు మూసెయ్యండి" అంటుంటే మా అత్తగారు వంటింట్లోంచి లేచి వెళ్ళి స్నానాలగదిలో చూసి వచ్చారు. "మూత పెట్టే ఉందే అమ్మాయ్" అన్నారు. నవ్వు ఆపుకుని ఆవిడకి విడమరిచి చెప్పాను. మా బకెట్‌ని మూసి ఉంచుకోవచ్చు, లోకమంతటికీ తెరిచి పెట్టనూ వచ్చు. తెరిచినదాంట్లో ఉన్న ఫైలుని, లింకు తెలిసినవాళ్ళెవరైనా, ఏ ఊళ్ళో కూర్చునైనా, పాస్‌వర్డు లేకుండా చూసుకోవచ్చు.

"మరి అలా ఎందుకు తెరుస్తారు?" అన్నారు ఆవిడ.

"పని తొందరగా అయిపోతుందనండీ" అన్నాను.

ఆవిడకి ఏదో ఒకటి చెప్పాలని అన్న మాట అది. తర్వాత కలిదిండి ల్యాబు సంగతి బయటపడినప్పుడు, నేనన్నది ఎంత నిజమో నాకే తెలిసొచ్చింది.

వానలు వెనకపట్టి ఎండలు మళ్ళీ చురుక్కుమంటున్న రోజులవి. ఒక పొద్దున్న నా బల్ల దగ్గరికి ఒకావిడ వచ్చారు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దావిడ. నేత చీర, భుజానికి తోలు సంచి, కాలి చెప్పులకి ఎండిన బురద. కలిదిండి దగ్గర ఆవిడా వాళ్ళాయనా కలిసి రొయ్యల చెరువులు చేస్తున్నారు. సీడు, అంటే రొయ్యపిల్లల్ని ఎక్కడ కొనాలి, ల్యాబుకి నమూనా ఎప్పుడు పంపాలి అన్నవన్నీ ఆవిడే చూసుకుంటారు.

"ఫోన్లకి రిపోర్టులు పంపే కంప్యూటర్లు మీరేనాండీ చూసేది?"

"అవునండీ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. పెద్దాయనతో మాట్లాడేను. మీతో కూడా ఓ మాట చెప్పి వెళ్ళమన్నారు." అలా అంటూనే కూర్చున్నారు. సంచిలోంచి నీళ్ళసీసా తీసి రెండు గుక్కలు తాగి చెప్పడం మొదలుపెట్టారు.

ఆవిడ మూడో చెరువులో రొయ్యలు మేత సరిగా తినడం మానేసి గట్టు వారకి వచ్చేస్తున్నాయట. నమూనా తీసి మా ల్యాబుకి ఇచ్చారు. మర్నాడు ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. తెల్లమచ్చ. చెరువంతా రోజుల్లో తుడిచిపెట్టేసే జబ్బు అది.

"చూసి గట్టుమీదే కూలబడిపోయేనండి. మా ఆయన ఎరువుల కోసం కైకలూరు వెళ్ళేరు. వచ్చేక ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో రొయ్యలు కొనే ఏజెంటు ఫోను చేసేడు. 'మీ మూడో చెరువుకి తెల్లమచ్చ తగిలిందంట కదమ్మా, రేపు పొద్దున్నే వల దించేద్దాం, ఇంకెవర్నీ పిలవకండి, పిలిచినా రారు' అన్నాడు. ఇంట్లో మనిషికి నేనింకా చెప్పలేదండి. వాడికెలా తెలిసింది?"

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. జబ్బు తగిలిన చెరువులో రొయ్యల్ని వెంటనే పట్టి అమ్మెయ్యాలి. రైతుకి బేరమాడే వ్యవధి ఉండదు. ఆ సంగతి ముందుగా తెలిసినవాడు తను చెప్పిందే రేటు అంటాడు. బయటికి పొక్కనంతసేపు రైతు ఇద్దరు ముగ్గురిని పిలిచి మాట్లాడుకోగలడు. అందుకే ల్యాబు రిపోర్టు రైతుకి తప్ప ఇంకొకరికి తెలియకూడదు.

"ల్యాబు ఆయన మంచోరే అనుకున్నానండి ఇన్నాళ్ళూ" అన్నారు ఆవిడ గొంతు తగ్గించి. "మొదట్నుంచీ మా నీళ్ళు ఆయనే చూస్తున్నారు. ఇలా చేస్తారనుకోలేదు."

ఆవిడ ఒక్కరే కాదట, ఇద్దరు ముగ్గురు రైతులు అప్పటికే మా డైరెక్టరు గారికి ఇదే చెప్పారు. ల్యాబు ఇన్‌ఛార్జి ఏజెంట్లకి సమాచారం అమ్ముకుంటున్నాడని అందరి అనుమానం. ఆ రోజు ఆయన్ని ఏలూరు రమ్మన్నారు. నా గది తలుపులోంచి ఆయన కనిపిస్తూనే ఉన్నారు. డైరెక్టరు గారి గది బయట బల్లమీద, ఒళ్ళో టిఫిను క్యారేజీ సంచి పెట్టుకుని కూర్చున్నారు. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టి, జంతుశాస్త్రం చదివి, రొయ్యల జబ్బుల్లోకి వచ్చిన మనిషి. రొయ్య రుచి ఎలా ఉంటుందో తెలియదు గాని, దాని ఒంట్లో ఏముందో మాత్రం బాగా తెలుసు అని ల్యాబులో ఆయన్ని ఆటపట్టించేవారు. ఆ రోజు మాత్రం ఎవరూ ఆయన్ని పలకరించలేదు.

"ఆ రిపోర్టు వచ్చిన మెసేజి ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

ఆవిడ ఫోను ఇచ్చారు. వాట్సాప్‌లో ఒక లింకు, నొక్కితే రిపోర్టు తెరుచుకుంటుంది. దాన్ని నా సొంత ఫోనుకి పంపుకున్నాను. నొక్కాను. తెరుచుకుంది. నా ఫోనులో ఆఫీసు పాస్‌వర్డులు ఏవీ లేవు. అక్కడికే నాకు ఏదో తేడాగా అనిపించింది. లింకు చివర ఫైలు పేరు ఉన్న ముక్కని చెరిపేసి, మిగిలినదాన్ని మళ్ళీ తెరిచాను.

తెర నిండా ఫైళ్ళ పేర్లు. ఊరి పేరు, రైతు పేరు, చెరువు, తేదీ. వేలితో కిందికి జరుపుతుంటే అవి తరగడం లేదు. ల్యాబు ఆ పద్ధతిలో రిపోర్టులు పంపడం మొదలుపెట్టినప్పటి నుంచీ చేసిన పరీక్షలన్నీ అక్కడున్నాయి. ఫోను ఆవిడ వైపు తిప్పాను.

"ఇది నా ఫోనండీ. నేను ఏ పాస్‌వర్డూ కొట్టలేదు. చూడండి."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. తన పేరు కనపడింది. పక్క చెరువు వాళ్ళ పేరు కనపడింది. వాళ్ళ చిన్నాన్న గారిది కనపడింది.

"అంటే అందరివీ ఉన్నాయాండీ?"

"అందరివీ."

"ఎవరైనా చూడొచ్చా?"

"చూడొచ్చండి. ఏజెంటు ఎవరో ఇలాగే చూసుంటాడు. ఒకరు కనిపెడితే చాలు, రోజూ పొద్దున్నే ఇందులో వెతుక్కోవడమే."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. తలుపులోంచి బయట బల్లమీద కూర్చున్న మనిషి వైపు చూశారు. "అయితే ఆయన చెప్పలేదన్నమాట" అన్నారు.

ఇద్దరం కలిసి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాం. ఆయన డెబ్భైకి దగ్గరపడిన మనిషి. వరి చేలని చెరువులుగా మార్చిన తొలి రోజుల్లో తనే మోకాటిలోతు బురదలో దిగి గట్లు వేయించానని చెప్పుకుంటారు. ఫోను ఆయన ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన చాలా ప్రశ్నలు అడిగారు. అడగడం అయ్యాక, "ఆయన్ని లోపలికి రమ్మనమ్మా" అన్నారు.

ఇన్‌ఛార్జి గారు వచ్చి నిలబడ్డారు. ఎప్పుడూ కుర్చీలోంచి లేవని డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు.

"మీ మీద నాలుగు మాటలొచ్చేయి. నేను నమ్మేను కూడా. తప్పు మీది కాదు, మా కంప్యూటర్లది. ఏమనుకోకండి."

ఇన్‌ఛార్జి గారికి వెంటనే ఏమీ అర్థం కాలేదు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. వింటున్నంతసేపూ ఆయన టిఫిను సంచి తాడుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. విన్నాక ఆయన తన గురించి అడగలేదు.

"ఈ రిపోర్టులు ఇప్పటికీ అలాగే బయటున్నాయాండీ?"

"ఉన్నాయండి. ఇప్పుడే వెళ్ళి మూసేస్తాను."

"ముందు అది కానివ్వండి" అన్నారు.

చెరువుల ఆవిడ ఆయన వైపు తిరిగి, "నేనూ అనుమానపడ్డానండి మాస్టారూ" అన్నారు.

"మీరనే కాదండి, మీ చోట నేనున్నా అలాగే అనుకుందును" అన్నారు ఆయన. అని, "మిగతా రెండు చెరువుల నీళ్ళూ బాగున్నాయి. నీళ్ళకి గాలి తగ్గకుండా ఎయిరేటర్లు ఆపకండి. మూడో చెరువులో తిరిగిన మనుషుల్ని వాటిలోకి దిగనివ్వకండి" అని చెప్పారు. వాళ్ళిద్దరూ మెట్లమీద నిలబడి చాలాసేపు ఆ చెరువుల గురించే మాట్లాడుకోవడం చూశాను. మధ్యాహ్నం బస్సుకి ఇద్దరూ కలిసే వెళ్ళారట.

బకెట్ మూయడం నిమిషాల పని. దాన్ని తెరిచిన ప్రోగ్రామరు అప్పటికే ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. ఫోన్లో దొరికాడు. ఎందుకు తెరిచావయ్యా అంటే, "రైతులు పాస్‌వర్డు కొట్టలేకపోతున్నారండి, రోజూ ఫోన్ల మీద ఫోన్లు. తెరిస్తే అందరికీ హాయిగా ఉంటుందనుకున్నాను" అన్నాడు. కోప్పడదామనుకున్నాను గాని కోపం రాలేదు. అతను చేసింది సుళువు కోసమే. మూసేసిన గంటకే రైతుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి, రిపోర్టు తెరుచుకోవట్లేదని. నేనూ మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయీ కూర్చుని వేరే ఏర్పాటు చేశాం. ఇప్పుడు ఏ రైతు రిపోర్టుకి ఆ రైతుకే విడిగా లింకు వెళుతుంది. కొన్నాళ్ళకి ఆ లింకు దానంతటదే చచ్చిపోతుంది. చివరి ముక్క చెరిపి చూస్తే ఏమీ కనపడదు. రైతుకి మాత్రం తేడా తెలియదు, నొక్కితే తెరుచుకుంటుంది.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కాని మనసు ఊరుకోలేదు. మిగతా కంపెనీల అకౌంట్లు ఒక్కొక్కటీ తెరిచి చూడటం మొదలుపెట్టాను. గూడెం మేత ఫ్యాక్టరీ అకౌంటులో డీలర్ల ఆధార్ కాపీలున్న బకెట్ ఒకటి బార్లా తెరిచి ఉంది. ఫోను చేసి చెప్పాను, వాళ్ళు వెంటనే మూశారు. రెండు వారాల తర్వాత ఎందుకో చూస్తే మళ్ళీ తెరిచి ఉంది. వెబ్‌సైటు చేసే బయటి వాళ్ళు ఒక ఫోటో కనపడటం లేదని తెరిచారట. కోల్డ్ స్టోరేజీ వాళ్ళది నేను మూశాక వాళ్ళే ఇంకో కొత్త బకెట్ తయారుచేసుకుని దాన్ని తెరిచారు. ఎవరిలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. ఒకరికి ఫోటో కావాలి, ఒకరికి కేటలాగు కావాలి. ఆ పూట పని గడవాలి. నేనేమో ఒక వైపు మూస్తూ పోతుంటే ఇంకో వైపు తెరుచుకుంటున్నాయి.

అప్పుడు డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. మన అకౌంట్లన్నీ ఒకే సంస్థ కింద చేర్చి ఉన్నాయి. పైన ఒక్క చోట ఒక నియమం పెడితే, కింద ఉన్న ప్రతి అకౌంటులో బకెట్లని లోకానికి తెరిచే వీలు దానంతటదే పోతుంది. ఇప్పటికే తెరిచినవి కూడా బయటివాళ్ళకి కనపడవు. రేపు కొత్త అకౌంటు చేరినా దానికీ అదే వర్తిస్తుంది. కింద ఎవరైనా తెలియక తెరవబోయినా కుదరదు.

"ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదన్నమాట" అన్నారు ఆయన.

"అవునండి. అదే దీంట్లో ఉన్న మంచి."

"మరి ఏవేవి ఆగిపోతాయి?"

ఆ ప్రశ్న ఆయన అడగకపోతే నేనే చెప్పేదాన్ని. నిజంగానే లోకానికి కనపడాల్సినవి కొన్ని ఉంటాయి, వెబ్‌సైటు ఫోటోల్లాంటివి. వాటికి ముందుగా వేరే దారి వెయ్యాలి. అందుకు ప్రతి కంపెనీకీ వెళ్ళి అడగాలి. ఫోన్లో అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. "వెళ్ళిరా అమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

గూడేనికి రైల్లో వెళ్ళాను. భీమడోలు దాటాక పొలాలు పచ్చగా, పొట్ట మీదున్నాయి. గూడెంలో దిగగానే ఉల్లిపాయల వాసన. ఆ ఊరి మార్కెట్‌కి వచ్చే లారీలు ఆ వాసనని ఊరంతా మోసుకుపోతాయి. నాకది బాగా అలవాటు. చదువుకునే రోజుల్లో మా పుట్టినూరు పెంటపాడు నుంచి గూడెం కాలేజీకి రోజూ బస్సులో వచ్చేదాన్ని.

ఫ్యాక్టరీ మేనేజరు గారు నేనొస్తున్నానంటేనే కొంచెం బిర్రబిగుసుకుని ఉన్నారు. టీ తెప్పించారు. టీ రాకముందే, "ఏవండీ, మీరు పైనుంచి ఏదో నొక్కుతారంట, మా వెబ్‌సైటు ఆగిపోతుందంట కదండీ" అన్నారు.

"ఆగకుండా చూద్దామనే వచ్చానండి."

"మా డీలర్లు ఫోన్లో బస్తా బొమ్మ చూసి ఆర్డరు పెడతారండి. బొమ్మ రాకపోతే ఇంకో కంపెనీది పెట్టేస్తారు. మీరు ఏలూర్లో ఉంటారు, వాళ్ళు తిట్టేది నన్నండి."

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. వాదించలేదు. ఆయన కంప్యూటరు దగ్గరే కూర్చుని, బొమ్మలున్న బకెట్‌ని మూసే ఉంచి, దాని ముందు ఒక వాకిలి లాంటిది పెట్టాను. వెబ్‌సైటుకి వచ్చినవాళ్ళు ఆ వాకిట్లో నుంచి బస్తాల బొమ్మలు మాత్రమే చూడగలరు, వెనక గదుల్లోకి పోలేరు. అంతా అయ్యాక, "ఇప్పుడు బకెట్ మూసేశానండి. మీ ఫోన్లో చూడండి" అన్నాను. ఆయన చూశారు. బయటికి వెళ్ళి సెక్యూరిటీ అతని ఫోన్లో కూడా చూసి వచ్చారు. బొమ్మలు ఇంతకు ముందుకన్నా చురుగ్గా వస్తున్నాయి. ఆ సంగతి ముందుగా చెప్పి ఊరించడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఆయనే గమనించి, "ఇదేంటండీ, తొందరగా వస్తున్నాయి" అన్నారు. ఆ తర్వాత భోజనం చేసి గాని వెళ్ళొద్దన్నారు. వాళ్ళ క్యాంటీనులో వంకాయ కూర బ్రహ్మాండంగా ఉంది.

దగ్గరే కదా అని సాయంత్రం పెంటపాడు వెళ్ళాను. మా అన్నయ్య పొలం నుంచి ఇంకా రాలేదు. మా వదిన అక్కడి బడిలో లెక్కలు చెబుతుంది. పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నేనేం పనిమీద వచ్చానో అడిగింది, చెప్పాను. ఎర్ర సిరా పెన్ను పట్టుకుని అంతా విని, "మా పిల్లల ఫోటోలు, పుట్టినరోజులు కూడా ఎక్కడో పెడుతుంటారు. అవి ఎవరు చూస్తున్నారో మాకెవరికీ తెలీదు" అంది. ఎక్కడ అడగాలో, ఏమని అడగాలో చెప్పాను. మర్నాడే వాళ్ళ హెడ్మాస్టరు గారిని అడిగిందట. అది వేరే కథ, మంచిగానే తేలింది.

నియమం పెట్టే రోజు రానే వచ్చింది. సెలవు రోజు వద్దు, అందరూ సీట్లలో ఉండే పూటే చేద్దాం, ఏదైనా ఆగితే వెంటనే తెలుస్తుంది అని నేనూ మా ఆఫీసు అమ్మాయీ అనుకున్నాం. ముందు కోల్డ్ స్టోరేజీ అకౌంటు ఒక్కదానికే పెట్టి చూశాం. కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు ఒక మంగళవారం పొద్దున్న కాఫీలు తాగి, సంస్థ మొత్తానికి పెట్టాం. నొక్కాల్సింది ఒక్కసారే. తర్వాత ఒక్కో అకౌంటూ తెరిచి చూస్తుంటే అన్నింటిలోనూ బయటి దారులు మూసుకునే ఉన్నాయి. మేం చెయ్యి పెట్టకుండానే. ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. మధ్యాహ్నం దాకా ఫోను మోగలేదు. గూడెం మేనేజరు గారు ఒక్కరే ఫోను చేశారు, "బొమ్మలు వస్తున్నాయండి" అని చెప్పడానికి.

సాయంత్రం పొద్దువాలాక ఆగిపోయింది ఒకటి. అది మాకెవరికీ తట్టనిది.

కలిదిండి ల్యాబు నుంచి రోజూ సాయంత్రం రైతుల ఫోన్లకి ఒక కాల్ వెళుతుంది. ఎత్తితే ఇన్‌ఛార్జి గారి గొంతు వినపడుతుంది. రేపు మబ్బు పట్టేలా ఉంది, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, మేత కాస్త తగ్గించండి, ఎయిరేటర్లు ముందే వెయ్యండి, ఇలాంటివి నిమిషం సేపు చెబుతారు. ఆయన మధ్యాహ్నం తన ఫోన్లోనే రికార్డు చేసి పెడతారు. ఆ గొంతు ఫైలు ఉండేది ఒక తెరిచిన బకెట్‌లో. కాల్స్ చేసే బయటి కంపెనీ అక్కడి నుంచే దాన్ని తీసుకునేది. ఆ రోజు కాల్స్ వెళ్ళాయి, ఎత్తితే గొంతు లేదు.

ఇన్‌ఛార్జి గారే ఫోను చేశారు. ఆయన మాటల్లో కంగారు లేదు, ఆశ్చర్యం ఉంది.

"మేడమ్ గారూ, నా మాట వినపడట్లేదని అందరూ ఫోన్లు చేస్తున్నారండి. ఒంట్లో బాగోలేదా అని అడుగుతున్నారు."

నాకు వెంటనే అర్థమైంది. "అయ్యో, అది నేను చేసిందేనండి. ఆ ఫైలు సంగతి నాకు తెలియదు."

"నేను చెప్పలేదు కదండీ, మీకెలా తెలుస్తుంది. దాని గురించి చెప్పాలని నాకూ తోచలేదు. ఎవరు వింటారులే అనుకుంటూ చదివేసేవాణ్ణండి."

కాసేపు తెరవనా అని నాకొక్క క్షణం అనిపించింది. పైన నియమం తీసేస్తే అన్నీ తెరుచుకుంటాయి. ఆ మాటే అన్నాను.

"వద్దండీ" అన్నారు ఆయన. "ఇవాల్టికి నేను చెప్పుకుంటాను. ఊరికో వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో గొంతు పంపేస్తాను. లేనివాళ్ళకి ఫోన్ చేస్తాను. మీరు రేపు నెమ్మదిగా చూడండి."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి కాల్స్ కంపెనీ వాళ్ళతో మాట్లాడి, ఆ ఒక్క ఫైలుకీ రోజుకో లింకు తయారయ్యేలా చేశాం. ఆ సాయంత్రం గొంతు మళ్ళీ వినపడింది. తర్వాత కలిసినప్పుడు ఇన్‌ఛార్జి గారు నాతో ఒక మాట చెప్పారు. ఆ రోజు ఆయన ఫోన్ చేసినప్పుడు ఒక ముసలాయన, "మీ మాట విన్నాకే నేను అన్నం తింటానండి" అన్నారట. ఇంకో ఇంట్లో చిన్నపిల్ల ఆయన మాటలు అప్పచెప్పిందట, "ఎయిరేటర్లు ముందే వెయ్యండి, నమస్కారం" అని. అప్పటి నుంచి ఆయన రికార్డు చేసే ముందు ఒకటికి రెండుసార్లు రాసుకుని చదువుతున్నారు. మనిషి ముఖంలో ఏదో తేట వచ్చింది. ఏజెంట్ల గొడవప్పుడు ఊళ్ళో తనవైపు ఒకలా చూసిన చూపులు ఆయన్ని చాలా బాధపెట్టాయని, ఆ బాధ ఇలా తీరిందని వాళ్ళావిడ నాతో అన్నారు.

రైతుల వైపు మార్పు నెమ్మదిగా తెలిసింది. జబ్బు చెరువులు ఇంకా వస్తూనే ఉన్నాయి, వాటిని మా కంప్యూటర్లు ఆపలేవు. కాని రిపోర్టు వచ్చాక రైతు ముందు ఇంట్లో చెప్పుకుని, ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళతో మాట్లాడుకునే వీలు మళ్ళీ దొరికింది. ఒక ఏజెంటు మా ల్యాబుకే ఫోన్ చేసి, "మీ రిపోర్టులు ఈమధ్య కనపడట్లేదేంటండీ" అని అడిగాడట. ఆ మాట చెప్పి డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వారు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో గుండుగొలను దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీని మా వాళ్ళు తీసుకున్నారు. దాని క్లౌడ్ అకౌంటు కూడా మా సంస్థ కిందికి చేర్చాలి. ఆ ఫ్యాక్టరీ చూసే ఆయన ఏలూరు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. కొత్త యజమానుల దగ్గర కొంచెం బెరుకుగా ఉన్నారు.

చేర్చేముందు నేను అడిగిన మొదటి ప్రశ్న, "మీ దగ్గర ఫోన్లో మోగేవి, వినిపించేవి ఏమైనా ఉన్నాయాండీ?"

ఆయన ఆలోచించి, "లేవండి. ఐసు రేటు రాసిన బోర్డు బొమ్మ ఒకటి రోజూ వెబ్‌సైటులో పెడతామండి, అంతే" అన్నారు. ఆ బొమ్మకి దారి ముందుగానే వేశాం. తర్వాత అకౌంటు చేర్చాం. టీ వచ్చింది. తాగుతూ లోపల చూస్తే ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ గుర్తింపు కార్డుల ఫోటోలున్న బకెట్ ఒకటి ఉంది. చాలాకాలంగా తెరిచే ఉన్నట్టుంది. అప్పటికే మూసుకుపోయింది.

"ఇది మీరు మూసేరాండీ?" అన్నారు ఆయన.

"లేదండి. మీరు మాలో చేరగానే దానంతటదే మూసుకుంది."

"అమ్మయ్య. నేను ఎన్నోసార్లు అనుకుని మర్చిపోయేనండి" అన్నారు.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, బస్సు వేళైందని లేచారు. కాలువ వంతెన దాకా తోడు వెళ్ళాను, అటే మా ఇంటి దారి కూడా. ఎండ బాగా ఉంది. గొడుగు ఒక్కటే ఉంటే ఇద్దరం దాని కింద నడిచాం. ఐసు ఎండల్లో ఎలా అమ్ముడవుతుందో, కొల్లేటి చేపల బళ్ళు ఏ వేళకి వస్తాయో ఆయన చెబుతుంటే వింటూ నడిచాను. ఇంటికి వెళ్ళేసరికి మా అత్తగారు మామిడికాయ పప్పు చేసి ఉంచారు. తిని, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళే ముందు ఓ పావుగంట పడుకున్నాను. ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.